ఉత్తర స్కాట్లండు బాటలో మనము చూడవలసినవి

విద్యకొఱకును ఉద్యోగముకొఱకును బ్రిటను దేశమున నివసించు తెలుగువారు నేడు అనేకులు గలరు. వారిని జూచుటకై వేసవిలో ఇచ్చటినుండి తల్లిదండ్రులును బంధువులును పోవుచుందురు. పోయినవారు లండను నగరమును జూచి, రాజభవనము ముందు ఛాయాచిత్రములు తీయించుకొని, తరువాత ఒక కారును బాడుగకు దీసికొని పల్లెసీమలకును సముద్రతీరమునకును బయలుదేఱుట ఆచారమైనది. ఇది మంచి ఆచారమే. ఆ దేశపు సొగసు పట్టణములలోకంటె బాటల వెంటనే యెక్కువగా గలదు. ఆ సొగసును మేము కాదనము. పరదేశపు కొండను జూచి మెచ్చుకొనలేకపోవుట దేశభక్తి యనిపించుకొనదు. అయితే ఆ కొండలోయలు అట్లు నిర్జనముగా నుండుటకు కారణమేమి, ఆ మేడలకు ధనము ఎచ్చటినుండి వచ్చినది, ఆ కాలిబాటలపై సామాన్యునకు హక్కు ఎట్లు లభించినది అను మూడు ప్రశ్నలను వెంటబెట్టుకొని పోవు యాత్రికునకు కనబడునంత, తక్కినవారికి కనబడదు. ఈ ప్రశ్నలకు సమాధానములు గ్రంథాలయములలోనే గాక బాటప్రక్కనే దొరకును. అందుచేత ఒక్క బాటను దీసికొని, పాఠకులను మజిలీ మజిలీగా దానివెంట నడిపింపదలచితిమి.

బ్రిటనులో నేడు మిక్కిలి ప్రసిద్ధిగన్న యాత్రామార్గములలో స్కాట్లండు ఉత్తరతీరమును జుట్టివచ్చు 'నార్త్ కోస్ట్ 500' ఒకటి. ఇన్వర్నెస్ పట్టణమునందలి కోటవద్ద మొదలై, తూర్పుతీరము వెంట ఉత్తరమునకు బోయి, ఉత్తరపు అంచున పడమటికి దిరిగి, పడమటితీరమున దక్షిణమునకు దిగి, మరల ఆ కోటకే చేరు ఈ బాట పొడవు 516 మైళ్లు. బాటలు పాతవే. వానిని ఒక దండగా గ్రుచ్చి 2015లో ఈ పేరు పెట్టిరి. అప్పటినుండి దేశదేశముల వాహనములు దానిపై బారులు దీరుచున్నవి.

బయలుదేఱువారికి కొన్ని మాటలు ముందుగా చెప్పవలెను. అచ్చటను మనవలెనే ఎడమప్రక్కనే బండి నడుపవలెను. యాత్రకై పోయిన భారతీయుడు స్వదేశపు లైసెన్సుతోనే 12 నెలలవఱకు కారు నడుపవచ్చును. ఉత్తరమునకు బోయినకొలది బాట సన్నగిల్లి, పెక్కుచోట్ల ఒక్క బండికి మాత్రమే చాలునంత వెడల్పుండును. ఎదురుబండికి త్రోవయిచ్చుటకై నడుమ నడుమ బాటను కొంచెము వెడల్పుచేసియుందురు. వెనుకనుండి వచ్చు స్థానికునకును అచ్చటనే ఆగి దారి విడువవలెను. ఆ స్థలములలో బండి నిలిపి విందులు సేయుట తప్పు. మనకది విహారము, బడికి బోవు బిడ్డకును, వైద్యునికై పరుగెత్తు రోగికిని అదియొక్కటే దారి. జూను మాసమున అచ్చట పదునెనిమిది గంటలు వెలుతురుండును గనుక తొందర యవసరము లేదు. ఈ 516 మైళ్లను రెండు మూడు దినములలో ముగించి వచ్చితిమని చెప్పుకొనుట కంటె ఇంట గూర్చుండుట మేలు.

ఇన్వర్నెస్ విడిచి ఉత్తరమునకు బోవుచుండగా ఆల్నెస్ అను ఊరివద్ద ఎడమప్రక్క ఫైరిష్ కొండ శిఖరముపై విచిత్రమైన రాతికట్టడ మొకటి కనబడును. గోడలేదు, ఇల్లు లేదు. ఆకాశమునకు ఎదురుగా కమానులు మాత్రము నిలిచియున్నవి. అది తమిళదేశపు నాగపట్టణపు కోటవాకిలికి ప్రతిరూపమని చెప్పుదురు. స్కాట్లండు కొండపైకి నాగపట్టణపు వాకిలి ఎట్లు వచ్చినది? ఆ ప్రాంతపు భూస్వామియగు సర్ హెక్టరు మన్రో కుంఫిణీ కొలువున సేనానియై 1781లో డచ్చివారినుండి నాగపట్టణమును గెలిచెను. దాని గుఱుతుగా 1782లో ఈ కట్టడము లేచినది. పనిలేక బాధపడుచున్న గ్రామస్థులకు కూలి దొరకుటకై దీనిని కట్టించెననియు, పని మఱికొన్నాళ్లు సాగుటకై మోసిన రాళ్లను మరల క్రిందికి దొరలించెననియు అచ్చటివారు కథ చెప్పుకొందురు.

ఈ హెక్టరు మన్రో మన దత్తమండలములలో పేరొందిన తామస్ మన్రో కాడు. అయినను తెలుగుదేశపు చరిత్రతో ఈయనకు సంబంధము లేకపోలేదు. 1764 అక్టోబరులో బక్సరు యుద్ధమును గెలిచిన కుంఫిణీ సేనకు నాయకు డితడే. ఆ గెలుపు ఫలముగనే మఱుసటి సంవత్సరము ఆగస్టులో క్లైవు మొగలు పాదుషాయగు షా ఆలమువద్ద బంగాళా దివానీతోపాటు మన ఉత్తర సర్కారులకును సన్నదు వ్రాయించుకొనెను. శ్రీకాకుళమునందును రాజమహేంద్రవరమునందును ఏలూరునందును పొలము దున్నుకొనుచున్న రైతునకు తన శిస్తు ఇక ఎవనికి చెల్లునో తెలియకమునుపే, వేయిమైళ్ల దూరమున కాగితముపై ఆ సంగతి తీర్మానమయ్యెను. ఫైరిష్ కొండను నడచియే ఎక్కవలెను. పైనుండి క్రోమర్టీ సముద్రశాఖ మనోహరముగా గనబడును. తెలుగు యాత్రికుడు అచ్చట ఒక గడియ కూర్చుండి ఈ సంగతిని తలచుకొనుట అస్థాన మగునని మేమనుకొనము.

మఱికొంత దూరము పోగా గాల్స్పీ అను ఊరికి ఎగువ బెన్ బ్రాగీ కొండపై నూఱడుగుల స్మారకమొకటి గలదు. అది సదర్లండు మొదటి డ్యూకు విగ్రహము, 1837లో నిలిపిరి. ఆ ప్రక్కనే సముద్రమువైపు డన్‌రాబిన్ కోట తెల్లని గోపురములతో, కుదిరించిన పూదోటలతో కన్నులపండువుగా నుండును. ఆ కుటుంబపు ఎస్టేటు విస్తీర్ణము పదిలక్షల యెకరములకు మించియుండెడిది. 1811 మొదలు 1820 వఱకును ఈ ఎస్టేటునందలి లోయలనుండి వేలకొలది కుటుంబములను లేవగొట్టిరి. కారణము గొఱ్ఱెలు. పేదరైతు చెల్లించు స్వల్పమైన మక్తాకంటె దక్షిణమునుండి వచ్చిన గొఱ్ఱెలవర్తకుడిచ్చు కౌలు ఎక్కువ. ఉన్ని ధర పెరిగినది. మనిషి విలువ తగ్గినది. ఎస్టేటు అధికారులు దీనికి 'అభివృద్ధి' అని పేరు పెట్టిరి. లేవగొట్టినవారికి సముద్రపుటొడ్డున కొద్దిపాటి చెక్కలిచ్చి, చేపలు పట్టుకొని బ్రదుకుడనిరి. అంతవఱకును పశువులను మేపుకొని, కొండవాలున ధాన్యము పండించుకొనినవారికి ఆ సముద్రము క్రొత్త.

ఆ ఒడ్డు ఎట్టిదో చూడగోరువారు హెల్మ్స్‌డేలు దాటిన పిమ్మట బాడ్బే అను పాడుబడిన గ్రామమువద్ద దిగవలెను. బాటనుండి కొంతదూరము నడచినచో, నిలువుకొండ యంచున కూలిన గోడలు గానవచ్చును. తమ పాతయిండ్లనుండి వెళ్లగొట్టబడినవారు ఇచ్చట నిండ్లు కట్టుకొనిరి. గాలి యెంత ఉద్ధృతముగా వీచుననగా, కొండయంచునుండి సముద్రమున బడకుండునట్లు పశువులనే గాక పసిబిడ్డలను సైతము త్రాళ్లతో కట్టి యుంచెడివారట. తరువాత వారిలో అనేకులు ఓడలెక్కి పరదేశములకు బోయిరి.

ఉత్తరతీరమున సముద్రపు నురుగులో స్తంభములవలె నిలిచిన డంకన్స్‌బీ శిలలును, బ్రిటను ప్రధానభూమికి ఉత్తరపు కొననగు డన్నెట్ అగ్రమును, డర్నెస్ చెంత వాగు గుహలోనికి దుమికెడి స్మూ బిలమును తప్పక చూడదగినవి. నడుమ బెట్టీహిల్ వద్ద స్ట్రాత్‌నేవర్ అను లోయ ఎడమప్రక్క తెఱచుకొనును. యాత్రికులలో పెక్కండ్రు ఆ లోయలోనికి బోరు. పోయినవారు పచ్చిక, ఏఱు, గొఱ్ఱెలు, నిశ్శబ్దము జూచి, 'ఎంతటి ప్రశాంతస్థలము' అందురు. 1814లోను 1819లోను ఆ నిశ్శబ్దమును మనుష్యులే కల్పించిరి. ఇండ్ల దూలములకు నిప్పంటించి జనమును వెళ్లగొట్టిరి. ఎస్టేటు ఉద్యోగియు, ఆ భూమినే కౌలునకు దీసికొన్న గొఱ్ఱెలకాపును అగు పాట్రిక్ సెల్లరుపై 1816లో ఇన్వర్నెస్ న్యాయస్థానమున విచారణ జరిగి, అతడు నిర్దోషి యని తీర్పయ్యెను. ఆ యిండ్ల పునాదిరాళ్లు నేటికిని గడ్డిలో కనబడుచున్నవి.

ఇచ్చట మఱియొక సంగతి గమనింపదగినది. అదే కాలమున ప్రభుత్వము 1803లో ఒక సంఘమును నియమించి, తామస్ టెల్‌ఫర్డ్ అను శిల్పిచేత ఉత్తర స్కాట్లండున సుమారు 900 మైళ్ల బాటలను వేయించెను. జనము వలసపోకుండ వారికి పని కల్పించుట ఆ ప్రయత్నపు ఉద్దేశములలో నొకటి. ఒకచేత బాటవేసి ఆగుడనుచు, మఱియొకచేత ఇల్లు కాల్చి పొమ్మనుచు నుండగా ఆ జనము ఏమి చేయగలరు? బాటవలన దేశము బాగుపడునని మనయందును తఱచు వినుచుందుము. బాట బాగుచేయునది బాటచివర నిలువ నీడగలవానినే.

ఈ కథకు న్యాయమెన్నడును జరుగలేదని చెప్పుట సరికాదు. జరిగిన న్యాయమునందును మనకు తెలిసిన పేరొకటి గలదు. చెన్నపట్టణమున కూవమునది సముద్రమున గలియుచోట నేపియర్ వంతెన నెఱుగనివారు లేరు. ఆ పేరుగల నేపియర్ ప్రభువు 1866 మొదలు 1872 వఱకు చెన్నరాజధానికి గవర్నరు. అతడు పదవి కెక్కిన సంవత్సరముననే గంజాముమండలమున ఘోరక్షామము సంభవించెను. స్వదేశమునకు మరలిపోయిన పిదప 1883లో, స్కాట్లండు కొండరైతుల కష్టములను విచారించుటకు ఏర్పడిన రాజకీయసంఘమునకు ఆయనయే అధ్యక్షుడయ్యెను. అప్పటికి స్కై ద్వీపమున రైతులు కౌలు చెల్లించుట మాని తిరుగబడియుండిరి. సంఘము ఊరూర సభ జేసి, రైతుల వాఙ్మూలములను వ్రాసికొనెను. తరువాత 1886లో వచ్చిన చట్టము ఆ చిన్నరైతునకు భూమిపై స్థిరమైన అనుభవహక్కును, న్యాయమైన కౌలును, తన పిదప వారసునకు అప్పగించు అధికారమును ప్రసాదించినది. మన జమీందారీ రైతునకు ఇట్టి జిరాయితీహక్కు 1908 ఎస్టేటుభూముల చట్టముతో దక్కినది. జమీందారీలు రద్దగుటకు 1948 చట్టము కావలసివచ్చినది. పరిపాలించిన జాతి ఇంటను, పాలితుల ఇంటను భూమికథ ఒక్కటే యని ఇందువలన స్పష్టమగుచున్నది. ఏ చట్టమును దానంతట రాలేదు.

పడమటితీరమునకు దిగగానే కొండల రూపమే మాఱిపోవును. సూల్వెన్ మొదలగు కొండలు వరుసలో జేరక, ఒక్కొక్కటి ఒంటిగా, నేలనుండి పైకిలేచిన ఏనుగులవలె నుండును. వాని పాదములక్రింది రాయి వందలకోట్ల సంవత్సరముల నాటిదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ సీమ పేరు అస్సింట్. ఇచ్చట సన్నని ఒంటిబాటపై లాకిన్వర్ ఊరిచుట్టు తిరుగు యాత్రికుడు గుఱుతుంచుకొనదగిన సంవత్సరము 1993. ఆ ప్రాంతమున 21,000 యెకరముల ఎస్టేటు యజమానుల చేతులు మాఱుచు, కడకు ముక్కలుగా అమ్మకమునకు రాగా, దానిపై కౌలుదార్లుగా నున్న చిన్నరైతులే ఒక సంఘముగా నేర్పడి, చందాలు పోగుజేసి, 3 లక్షల పౌనులకు దానిని కొనిరి. లేవగొట్టబడినవారి సంతతిలోనివారు ప్రభువునకు వెలయిచ్చి కొండను కొనుట అదియొక చరిత్ర. పదేండ్లకు, 2003లో, స్కాట్లండు శాసనసభ ఒక భూసంస్కరణచట్టమును జేసినది. భూమి అమ్మకమునకు వచ్చినపుడు ముందుగా తన పేరు నమోదుచేసికొన్న గ్రామసంఘమునకు కొనుటలో మొదటి హక్కు అందు గలదు. బాధ్యతతో మెలగు ఎవరైనను కొండలపైనను పచ్చికబయళ్లపైనను నడచిపోవు హక్కును ఆ చట్టముననే యున్నది. నేడు మన యాత్రికుడు కారు నిలిపి ఏ కంచెకును భయపడక ఆ కొండపైకి నడచుట ఆ హక్కువలననే.

కడపటి మజిలీ ఆపిల్‌క్రాస్ కనుమ. ఆ కనుమకు స్థానికులు పెట్టిన పేరునకు 'పశువుల కనుమ' అని అర్థము. 1822లో వేసిన ఈ బాట సముద్రమట్టమునుండి మొదలై 2,054 అడుగుల యెత్తునకు మెలికలు దిరుగుచు ఎక్కును. క్రొత్తగా బండి నేర్చుకొనువారును పెద్దబండ్లవారును పోవలదని మొదటనే హెచ్చరిక పలక గలదు. దానిని మన్నింపవలెను. పైకెక్కినవారికి పడమట స్కై ద్వీపపు కొండలు సముద్రముపై నీలముగా దేలుచు గానవచ్చును. అంతటి దృశ్యము మఱి కొన్నియే యుండునని మేము సంకోచింపక చెప్పగలము.

ఇంగ్లండు, వేల్సు బాటలను గుఱించియు రెండుమాటలు చెప్పక తప్పదు. మాంచెస్టరు, షెఫీల్డు పట్టణముల నడుమ కిండర్ స్కౌట్ అను మిట్టప్రదేశము గలదు. ప్రభువులు తుపాకులతో పక్షులవేట యాడుకొనుటకై దానిని మూసియుంచిరి. 1932 ఏప్రిలు 24వ తేదీన కొన్నివందల మంది, వారిలో అధికులు మిల్లుల కూలీలును యువకులును, ఆజ్ఞను మీఱి దానిపై కెక్కిరి. ఐదుగురకు చెఱసాల ప్రాప్తించినది. మనయొద్ద ఉప్పుసత్యాగ్రహము జరిగి అప్పటికి రెండేండ్లు. అచ్చటి కూలివాడు కోరినది వేఱు, మనము కోరినది వేఱు. అయినను అన్యాయపు ఆజ్ఞను బహిరంగముగా మీఱి శిక్షను స్వీకరించు పద్ధతి రెండుచోట్లను ఒక్కటే. 1949లో జాతీయోద్యానముల చట్టము వచ్చినది. 1951లో మొట్టమొదట ప్రకటింపబడిన ఉద్యానము ఈ కిండర్ స్కౌట్ గల పీక్ ప్రాంతమే.

వేల్సునందు వెల్ష్‌పూలు దగ్గఱ ఎఱ్ఱరాతి పొవిస్ కోట, అంతస్తులుగా దిగు తోటలు బాటసారులను ఆకర్షించును. లోపల టిప్పుసుల్తాను గుడారమును, అతని సింహాసనమునకు జెందిన బంగరు పులితలయు మొదలుగా మనదేశపు వస్తువులు వందలకొలది యున్నవి. క్లైవు కుమారుడు ఎడ్వర్డు ఆ కోటయింటి ఆడుబిడ్డను వివాహమాడి, 1798 మొదలు 1803 వఱకు చెన్నపట్టణమున గవర్నరుగా నుండెను. శ్రీరంగపట్టణము పడిపోయినది 1799లో. నిజాము మన రాయలసీమను కుంఫిణీకి ధారవోసినది 1800లో. రెండును అతని కాలముననే. ఆ అద్దపుబీరువాలముందు నిలుచు రాయలసీమవాసి తన తాతముత్తాతల కథనే చూచుచున్నాడు.

అయితే మనము అచ్చట చూడదగినది కొల్లపోయినది మాత్రమే గాదు. ఆక్స్‌ఫర్డు మండలమున స్టోక్ రో అను చిన్నపల్లెలో బంగారుఛాయ గుమ్మటముక్రింద ఒక బావి గలదు. ఆ పల్లెసీమలో నీరులేక, ఇంటనున్న కడపటి నీటిని ద్రాగిన బాలుని తల్లి కొట్టినదను మాటను, ఆ ప్రాంతమువాడైన రీడ్ అను దొర కాశీమహారాజునకు చెప్పెనట. మహారాజు తన సొమ్ముతో 368 అడుగుల లోతు బావిని త్రవ్వించి 1864లో ఆ పల్లెకు దానము చేసెను. 1857 గడచి అప్పటికి ఏడేండ్లే. అడిగినవాని జాతి ఏదని చూడక దాహమునకు నీరిచ్చుట మనవారి ధర్మము. దానిని ఒక ఆంగ్లగ్రామము నేటికిని కాపాడుకొనుచున్నది.

ఇక మన యిండ్ల సంగతి. ఇంగ్లండు, వేల్సులలో బహిరంగమైన కాలిబాటలు మొదలగు దారులు సుమారు 1,40,000 మైళ్లు పటములకెక్కి యున్నవి. 1949 చట్టము ప్రకారము ప్రతి మండలసభయు వానిని పటముపై గుఱుతింపవలసివచ్చినది. గుఱుతించిన దారిని భూస్వామి దున్ని మాయము చేయుటకు వీలులేదు. మన గ్రామపటములలోను పుంతలును డొంకలును గుఱుతింపబడియే యున్నవి. కాని పటముపై నలువది అడుగులున్న డొంక నేలపై బండి పట్టనంతగా సన్నగిల్లిన ఊళ్లు ఎన్ని లేవు? ఇరుప్రక్కల రైతులు ఏటేట ఒక చాలు ముందునకు దున్నుచుండగా, చెఱువుగట్టునకును శ్మశానమునకును పోవు దారి మాయమగుచున్నది. ఎక్కువ భూమిగలవారే ఇందును ముందున్నారని చెప్పుటకు మాకు విచారముగా నున్నది. స్కాట్లండు ప్రభువులను నిందించి, ఇంటికి వచ్చి డొంకను కలుపుకొనుట పెద్దమనుష్యులకు తగదు. ఈ వేసవిలో ఆ దేశమును జూచివచ్చు భూస్వాములు తమ గ్రామపటమును ఒకమాఱు తెప్పించి, గొలుసు పెట్టించి, తమ సరిహద్దురాళ్లను తామే వెనుకకు జరిపినచో యాత్ర సార్థకమగును.

మఱియొక కోరిక గలదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేఱి, పదునైదు నెలలు తిరిగి, ఏ ఊర ఏ వస్తువులు దొరకునో, ఎవరెవరు కాపురమున్నారో, దారి యెట్లున్నదో మజిలీ మజిలీకి వ్రాసిరి. అందుచేతనే అది నేటికిని చదువదగిన గ్రంథమైనది. బ్రిటనునందలి మన తెలుగు యువకులు ఆ బాటలను మనకంటె బాగుగ నెఱుగుదురు. వారు దృశ్యముల చిత్రములతో తృప్తిపడక, ఆయా ఊళ్లలో భూమి ఎవరిది, కౌలెంత, బడి యున్నదా, యువకులు నిలుచుచున్నారా యని విచారించి తెలుగున వ్రాసినచో, ఇచ్చటి రైతులు శ్రద్ధతో చదువుదురు.